పదహారు వందలు… ఎక్కడి నుంచి?

హన్మకొండలో హంటర్ రోడ్డు దిక్కు ఒక కాలనీ. 240 గజాల ప్లాటు, 40 అడుగుల ముఖం, 54 అడుగుల లోతు, తూర్పు వాకిలి. కట్టాల్సింది గ్రౌండ్ ప్లస్ వన్. ఓనరు రిటైరైన లెక్కల సారు. వాళ్లమ్మ ఎనభై దాటిన మనిషి. పూజగది పైనే ఉండాలని పట్టుబట్టింది ఆమే కాబట్టి ఆ ఇంట్లో మెట్లు ఎక్కువగా ఎక్కేది కూడా ఆమే.

ఆ ఇంట్లో కింది వరుస మెట్లను ఉండాల్సినదానికంటే 100 మిల్లీమీటర్లు కిందికి పోశాం. అంటే నాలుగు అంగుళాలు. సైట్ ఇంజనీర్‌ని నేనే. ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో తప్పు లేదు. మేస్త్రీ పని తెలిసినవాడు. టేపు కూడా కొత్తదే. అందరం 1600 అనే అంకెనే చదివాం, 1600 మిల్లీమీటర్లే కొలిచాం, అయినా మెట్లు తప్పాయి. ఎట్లా తప్పాయో, ఎట్లా పట్టుకున్నామో, ఎంతవరకు సరిచేయగలిగామో రాసిపెడితే కొత్తగా సైట్ మీదికి వస్తున్న పిల్లలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

చేతికొచ్చిన కాగితాలు

మొత్తం 20 షీట్లు. ఆర్కిటెక్ట్‌వి తొమ్మిది, స్ట్రక్చరల్ ఇంజనీర్‌వి ఏడు, కరెంటు, ప్లంబింగ్ కలిపి నాలుగు. ఇవి కాక ఇంటి పర్మిషన్లకు ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ విధానం టీఎస్ బీపాస్‌లో తీసుకున్న పర్మిషన్ ప్లాన్ ఒకటి. మన దగ్గర చాలా ఇళ్లు ఆ ఒక్క కాగితం మీద, మేస్త్రీ అనుభవం మీద లేచిపోతాయి. పర్మిషన్ ప్లాన్ ఇంటికి ఆధార్ కార్డు లాంటిది. చుట్టూ ఎంత జాగా వదిలారు, ఎంత ఎత్తు కడుతున్నారు అని అందులో తెలుస్తుంది. ఆధార్ కార్డు చూసి దర్జీ చొక్కా కుట్టలేడు కదా.

షీట్ చేతికి రాగానే చాలామంది కళ్లు నేరుగా ప్లాన్ మీద పడతాయి. హాలు ఎక్కడ, వంటిల్లు ఎక్కడ అని. నేను ముందు కుడి పక్క కింద ఉండే టైటిల్ బ్లాక్ చూస్తాను. షీట్ నంబరు, రివిజన్, తేదీ, స్కేలు అక్కడుంటాయి. తర్వాత చిన్న అక్షరాల్లో ఉండే నోట్స్, ఆ తర్వాత సెక్షన్, అంటే ఇంటిని నిలువుగా కోసి పక్క నుంచి చూసిన బొమ్మ. ప్లాన్ చివరికి. ప్లాన్ అంటే ఇంటిని నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో అడ్డంగా కోసి పైనుంచి చూసిన బొమ్మ. అందులో పొడవు, వెడల్పు ఉంటాయి గానీ ఎత్తు ఉండదు. ఎత్తు కావాలంటే సెక్షన్‌కే పోవాలి. ఈ కేసు మొత్తం ఎత్తు గురించే.

స్కేలు విషయం ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. ఆర్కిటెక్ట్ షీట్లు ఏ1 సైజులో గీసినవి, స్కేలు 1:50. మాకు సైట్‌కి వచ్చింది ఏ3 జిరాక్స్. ఏ1 పొడవు, వెడల్పు రెండూ సగమైతే ఏ3. అంటే కాగితం మీద 1:50 అని రాసి ఉన్నా చేతిలో ఉన్న బొమ్మ 1:100. స్కేలు పట్టి కొలిస్తే పన్నెండు అడుగుల గది ఆరడుగులే అవుతుంది. అంత పెద్ద తేడా ఎవరైనా పట్టుకుంటారు. కానీ జిరాక్స్ మెషీన్ 97 శాతానికి కుదించిన కాపీని ఎవరూ పట్టుకోలేరు. రాసిన అంకెనే నమ్మాలి, గీసిన గీతను కొలవకూడదు. అంకె లేకపోతే అడగాలి.

ఇంకో చిక్కు. ఆర్కిటెక్ట్ అడుగుల్లో, అంగుళాల్లో గీస్తాడు. స్ట్రక్చరల్ ఇంజనీర్ మిల్లీమీటర్లలో. రాడ్ బెండర్ సూతుల్లో మాట్లాడతాడు, సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. 10 ఎంఎం రాడ్డు వాడికి మూడు సూతు, 12 నాలుగు సూతు, 16 ఐదు సూతు. ఓనరుకు గజాలు. ఒకే ఇంటికి నాలుగు భాషలు. స్ట్రక్చరల్ షీట్‌లో పిల్లర్ నుంచి పిల్లర్‌కి 3886 అని ఉంటే కొత్త కుర్రాడు ఇదేం లెక్క అంటాడు. 12 అడుగుల 9 అంగుళాలను మిల్లీమీటర్లలోకి మారిస్తే వచ్చేది 3886. అట్లాంటి వంకర అంకె కనిపిస్తే దాని వెనక అడుగులు ఉన్నాయని అర్థం, వెనక్కి మార్చి చూసుకోవాలి.

ముగ్గు పోసిన రోజు

మొదటి రోజే ఒక తప్పు ఆపగలిగాం. ఆర్కిటెక్ట్ ప్లాన్‌లో పడకగది 12 అడుగులు. అది లోపలి కొలత, గోడకూ గోడకూ మధ్య ఖాళీ. గోడలు 9 అంగుళాలవి. కాబట్టి పిల్లర్ సెంటర్ నుంచి సెంటర్‌కి 12 అడుగుల 9 అంగుళాలు. మేస్త్రీ 12 అడుగులకే దారం కట్టాడు. గునియా పెట్టి మూలలు చూశాడు, 3-4-5 లెక్కతో మూలమట్టం సరిగ్గానే ఉంది. చదరం కరెక్టు, గది తప్పు. స్ట్రక్చరల్ షీట్‌లోని 3886తో పోల్చినప్పుడు తేడా బయటపడింది. సున్నం తుడిచి మళ్లీ పోశాం, గంటన్నర పట్టింది. అదే పిల్లర్లు లేచాక తెలిసి ఉంటే మంచం, బీరువా పెట్టాక నడవడానికి జాగా ఉండేది కాదు.

పిల్లర్ల షెడ్యూల్‌లో 230×450 అని రాసి ఉంటుంది, ఏ వైపు 450 అన్నది రాసి ఉండదు. అది లేఅవుట్ షీట్‌లో పిల్లర్ బొమ్మ ఏ వైపు తిరిగి ఉందో చూసి తెలుసుకోవాలి. ఈ ఇంట్లో హాలు పక్కన రెండు పిల్లర్లు మిగతావాటికి అడ్డంగా ఉన్నాయి. వాటి మీద ఎర్ర స్కెచ్‌తో సున్నాలు చుట్టి మేస్త్రీ చేతికిచ్చాను, ఇబ్బంది రాలేదు.

చుక్కల గీతల గురించి ఒక నవ్వులాట. పోర్టికో ప్లాన్‌లో చుక్కల గీతతో ఒక పెద్ద దీర్ఘచతురస్రం ఉంది. గుంతలు తవ్వే ముఠా మనిషి దాన్ని చూసి, “సార్, సంపు గిక్కడనేనా?” అని గడ్డపార అందుకున్నాడు. అది పోర్టికో పైకప్పు అంచు. ప్లాన్‌లో కోత గీతకు పైన ఉన్నవి చుక్కల్లో వస్తాయి: బీములు, అటకలు, సజ్జలు. అట్లాగే నేల కింద ఉన్నవీ చుక్కల్లోనే వస్తాయి: సంపు, సెప్టిక్ ట్యాంకు, ఫుటింగులు. గీత ఒకటే, తల మీద ఉందా కాళ్ల కింద ఉందా అన్నది సెక్షన్ చూస్తే తప్ప తెలియదు. అతని అనుమానంలో తప్పేం లేదు. అడిగి తవ్వబోయాడు, అదే పదివేలు.

లెవెళ్లు

ఇక అసలు సంగతి. ముందు ఇంటి ఎత్తులు చెప్పాలి, లేకపోతే తర్వాతి లెక్క అర్థం కాదు.

ఆర్కిటెక్ట్ సెక్షన్‌లో సున్నా అంటే కింది అంతస్తు ఫ్లోరింగ్ అయిపోయాక పైభాగం. మనం చెప్పులు విప్పి కాలు పెట్టే గ్రానైట్ పైభాగం అన్నమాట. అది రోడ్డు కంటే మూడడుగులు పైన. పై అంతస్తు గ్రానైట్ పైభాగం 10 అడుగుల 6 అంగుళాలు, అంటే 3200 మిల్లీమీటర్లు. మెట్లు 20, ఒక్కోటి 160 ఎత్తు. 20 ఇంటూ 160, సరిగ్గా 3200. పది మెట్లు ఎక్కితే 1600 దగ్గర ల్యాండింగ్, అక్కడ తిరిగి ఇంకో పది.

స్ట్రక్చరల్ షీట్లలో లెవెళ్లు కాంక్రీట్ పైభాగానికి ఇస్తారు. కింద పిల్లర్లన్నిటినీ కలిపే ప్లింత్ బీమ్ పైభాగం మైనస్ 150, అంటే సున్నాకు 150 కింద. మన దగ్గర చాలామంది దీన్ని బేస్‌మెంట్ అంటారు. ఆ 150లో 100 బెడ్ కాంక్రీట్, మిగతా 50 మసాలా, గ్రానైట్. పై అంతస్తు స్లాబ్ పైభాగం 3125, అక్కడ ఫ్లోరింగ్‌కు 75 వదిలారు. మెట్ల మీద మసాలా, గ్రానైట్ కలిపి 50.

రెండు షీట్లూ వేటికవి సరిగ్గానే ఉన్నాయి. చిక్కు మెట్ల డిటెయిల్ దగ్గర వచ్చింది. స్ట్రక్చరల్ వాళ్ల మెట్ల షీట్‌లో వెయిస్ట్ స్లాబ్ (మెట్ల కింద ఏటవాలుగా ఉండే స్లాబ్) మందం, రాడ్లు వాళ్లవే. ఎత్తులు మాత్రం ఆర్కిటెక్ట్ సెక్షన్ నుంచి ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకున్నారు. కింద ఒక అడ్డగీత, దాని మీద ఫ్లోర్ అని రాత, అక్కడి నుంచి ల్యాండింగ్‌కు 1600. ఆ గీత గ్రానైట్ పైభాగమా, ప్లింత్ బీమ్ పైభాగమా అన్నది ఆ షీట్‌లో లేదు. ఎత్తులకు ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ చూడండి అని నోట్స్‌లో నాలుగో లైను. నేను చదివాను. మేస్త్రీకి చెప్పలేదు.

మెట్లకు సెంట్రింగ్ కొట్టిన రెండు రోజులూ నేను కాజీపేటలో ఇంకో సైట్‌లో స్లాబ్ దగ్గర ఉన్నాను. మేస్త్రీ ఫోన్ చేసి, “సార్, మెట్లు కొడుతున్న, ల్యాండింగ్ పదహారు వందలే గదా?” అన్నాడు. “అవును, డ్రాయింగ్ ప్రకారం చెయ్యి” అన్నాను. ఆ మాట మీద నాకు ఇప్పటికీ చిరాకు. డ్రాయింగ్ ప్రకారం అనేది సూచన కాదు, తప్పించుకోవడం.

మీటరు గీత

ఆరు రోజుల తర్వాత పై స్లాబ్‌కు బీముల అడుగు భాగాలు చూడడానికి పోయాను. పిల్లర్ల మీద ఇంకా మీటరు గీత కొట్టలేదు. ఫ్లోరింగ్ పైభాగం నుంచి సరిగ్గా 1000 మిల్లీమీటర్ల పైన, ఇల్లంతా ఒకే మట్టంలో కొట్టే గీత అది. గోడలు మొదలయ్యేటప్పుడు కొడదాంలే అని ఆపాను. ఇదింకో తప్పు, దీని గురించి తర్వాత చెప్తాను.

పని మొదలైన రోజే సున్నా లెవెల్‌ను ఎదురింటి ప్రహరీ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టుకున్నాం. ట్యూబ్ లెవల్‌తో నీళ్లు పట్టి ఆ గుర్తును పిల్లర్ మీదికి తెచ్చి, అక్కడి నుంచి మీటరు పైకి గీత కొట్టాను. గీత నుంచి కిందికి ప్లింత్ బీమ్ 1150 రావాలి, వచ్చింది. గీత నుంచి పైకి ల్యాండింగ్ కాంక్రీట్ 550 రావాలి. 450 వచ్చింది.

టేపు రెండుసార్లు పెట్టాను. తర్వాత మేస్త్రీని పిలిచాను.

“ల్యాండింగ్ ఎంత పెట్టినవన్నా?”

“పదహారు వందలు సార్. మీరే అంటిరి గదా.”

“ఎక్కడికెళ్లి?”

“ఎక్కడికెళ్లి అంటే… ఫ్లోర్ కెళ్లి. గిదే గద సార్ ఫ్లోర్” అని కాలితో ప్లింత్ బీమ్‌ను తట్టాడు.

నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఆ రోజు ఆ సైట్‌లో ఇంకో ఫ్లోరే లేదు. మొరం ఫిల్లింగ్ సగంలో ఉంది, బెడ్ పడలేదు, గ్రానైట్ ఇంకా ఏ షాపులో ఉందో కూడా తెలియదు. కాగితం మీద ఇల్లు ఎప్పుడో పూర్తయింది, రంగులు కూడా వేసేశారు. సైట్‌లో ఆ రోజుకు ఉన్నది పిల్లర్లూ ప్లింత్ బీమూ. డ్రాయింగ్‌లోని గీతల్లో సగం, కొలిచే రోజుకి ఇంకా పుట్టని వస్తువుల మీద ఉంటాయి. మేస్త్రీ ఉన్నదాన్ని పట్టుకుని కొలిచాడు. లేనిదాన్ని చూపించాల్సింది నేను.

పై స్లాబ్‌కీ అదే లెక్క నడుస్తోంది. ప్లింత్ బీమ్ నుంచి 3200 పెట్టి స్లాబ్ పైభాగం అనుకున్నాడు. డ్రాయింగ్ ప్రకారం అక్కడికి 3275 ఉండాలి. 75 తక్కువ. స్లాబ్ ఇంకా పోయలేదు కాబట్టి జాకీలు తిప్పి లేపేశాం. పిల్లర్ తలలు ఆ మేరకు కురచగా ఉన్నాయి, బాక్సులు మళ్లీ కట్టి 75 పెంచాం. ఒక రోజు పని పోయింది, అంతే. పోసేసిన మెట్లే మిగిలాయి.

కురచ మెట్టు

మేస్త్రీ ప్లింత్ బీమ్ నుంచి ప్రతి మెట్టుకూ 160 చొప్పున పోశాడు. మొదటి మెట్టు కాంక్రీట్ పైభాగం మైనస్ 150కి 160 కలిపితే ప్లస్ 10. మీద 50 ఫినిషింగ్ వస్తే 60. అంటే ఫ్లోరింగ్ అయ్యాక మొదటి మెట్టు ఎత్తు రెండున్నర అంగుళాల లోపే. ఆ తర్వాతి తొమ్మిదీ 160. ల్యాండింగ్ 1600 బదులు 1500 దగ్గర ఆగుతుంది.

ఓనరు సారు విని, “ఒక్క మెట్టు చిన్నగుంటే ఏమయితది? ఇంకా సులువే గదా” అన్నారు. మెట్లు ఎక్కేటప్పుడు మనం చూసి అడుగు వేయం. రెండు అడుగులు పడేసరికి కాలు ఎత్తు నేర్చుకుంటుంది, ఆ పైన కాలే లెక్క చూసుకుంటుంది. మధ్యలో గానీ, మొదట్లో గానీ ఒకటి తేడా వస్తే ఎక్కేటప్పుడు తట్టుకుంటాం, దిగేటప్పుడు నేల ముందే తగిలి ఒళ్లు అదురుతుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ఇళ్లకు మెట్టు ఎత్తు 190 మించొద్దని, వెడల్పు 250కి తగ్గొద్దని చెప్తుంది. మన మెట్లు ఆ హద్దులోనే ఉన్నాయి. హద్దులో ఉండడం ఒకటి, అన్నీ ఒకే తీరుగా ఉండడం ఇంకొకటి. “అమ్మ పొద్దున నాలుగున్నరకు లైటు వేయకుండ పైకి పోతది” అన్నారు సారు. ఆ తర్వాత ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

నాలుగు దారులు కనిపించాయి. మొదటిది పగలగొట్టి మళ్లీ పోయడం. ల్యాండింగ్ బీమ్ రెండు పిల్లర్లలోకి వెళ్లి ఉంది. ఆ రాడ్లు చెడకుండా పగలగొట్టడం కష్టం, పచ్చి పిల్లర్ల మీద సుత్తి దెబ్బలు మంచిది కాదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ ఇంకేదీ కుదరకపోతేనే అన్నాడు.

రెండోది, ఇంటి ఫ్లోరింగ్‌నే నాలుగు అంగుళాలు దించడం. మేస్త్రీ సలహా ఇది, చవక కూడా. నేను వెంటనే వద్దన్నాను. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. రోడ్డు కంటే మూడడుగులు అని సారు అడిగి మరీ పెట్టించుకున్నది అందుకే. పైగా సున్నా లెవెల్ మారితే తలుపుల ఎత్తు, బాత్రూం పైపుల వాలు, పోర్టికో ర్యాంపు అన్నీ కదులుతాయి. ఒక మెట్టు కోసం ఇరవై షీట్లు తిరగరాయాలి.

మూడోది, మెట్లన్నిటి మీదా, ల్యాండింగ్ మీద కూడా సమంగా 100 మిల్లీమీటర్ల కాంక్రీట్ పోయడం. అప్పుడు డ్రాయింగ్‌లో ఉన్నట్టే 160 వచ్చేస్తుంది, పై వరుస కూడా మార్చనక్కర్లేదు. చూడడానికి ఇదే శుభ్రమైన దారి. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు ఫోన్ చేస్తే నవ్వాడు. 100 మందం కాంక్రీట్ అంటే చదరపు మీటరుకు 240 కిలోలు. ఇళ్ల మెట్ల మీద జనం బరువు కింద ఐఎస్ 875 (కట్టడాల మీద పడే బరువుల గురించిన మన దేశ ప్రమాణం) రెండో భాగం తీసుకోమనేది చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, అంటే సుమారు 300 కిలోలు. “మెట్ల నిండా జనాన్ని ఎప్పటికీ దిగకుండా నిలబెట్టమంటున్నవ్” అన్నాడు.

నాలుగోది ఒప్పుకున్నాడు. ల్యాండింగ్ 1500 దగ్గరే ఉండనీ. 1500ని పది మెట్లకు పంచితే 150. పైన మిగిలిన 1700ని పదికి పంచితే 170. కింది వరుస అంతా 150, పై వరుస అంతా 170. ఒకే వరుసలో తేడా ఉండదు, తేడా ల్యాండింగ్ దగ్గర మాత్రమే. అక్కడ మనిషి ఎట్లాగూ ఆగి తిరుగుతాడు.

మరి 160 చొప్పున పోసిన మెట్లు 150 ఎట్లా అవుతాయి? సారు కాగితం లాక్కుని తనే వేశారు. ఎన్ అంటే మెట్టు నంబరు. ఎన్నో మెట్టయినా సరే, దానికి ఇప్పుడున్న ఎత్తు 160ఎన్ మైనస్ 100, కావాల్సింది 150ఎన్. తేడా 100 మైనస్ 10ఎన్. మొదటి మెట్టుకు 90, రెండోదానికి 80, మూడోదానికి 70, అట్లా తొమ్మిదోదానికి 10, పదోది ల్యాండింగ్, దానికి సున్నా. “ఇది అంకశ్రేఢి. పదో తరగతి లెక్క” అన్నారు కళ్లజోడు సర్దుకుంటూ. ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం ఇంటి మెట్ల మీదికి వచ్చినందుకు ఆయన ముఖంలో కొంచెం సంతోషం కూడా కనిపించింది. నాకు మాత్రం లేదు.

తొమ్మిది మెట్ల మందం మొత్తం 450. మెట్టు వెడల్పు 250, మెట్ల నిడివి మూడున్నర అడుగులు. అంతా కలిపి 0.12 ఘనపు మీటరు, నాలుగు ఘనపుటడుగుల పైచిలుకు. బరువు 290 కిలోల లోపు, చదరపు మీటరుకు సగటున 120 కిలోలు. ఆ బరువుకు ఉన్న స్టీలే సరిపోతుందని స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క చూసి రాతపూర్వకంగా ఇచ్చాడు. నోటి మాట మీద నేను పని మొదలుపెట్టలేదు. ఫోన్‌లో ఓకే అనడం ఎంత పని చేస్తుందో అప్పటికే తెలిసింది కదా.

పని

కాంక్రీట్ పైభాగాన్ని ఉలితో గంట్లు పెట్టి, దుమ్ము కడిగి, సిమెంటు పాలు పూసి, దాని మీద ఎం20 కాంక్రీట్ చిన్న కంకరతో వేశాం. మొదటి ఆరు మెట్లకు చికెన్ మెష్, అంటే సన్న తీగల జాలీ పరిచాం. ఏడోదానికి 30, అక్కడి వరకు కాంక్రీట్. ఎనిమిది, తొమ్మిది మెట్లకు కావాల్సింది 20, 10 మాత్రమే. అంత పలచగా కాంక్రీట్ నిలవదు, ఎండి లేచిపోతుంది. అక్కడ గ్రానైట్ కింద మసాలానే ఆ మేరకు మందంగా పెట్టమన్నాం. ఏడు రోజులు గోనెపట్టాలు తడిపాం.

కొలతకు టేపు వాడలేదు. ఒక నిటారు చెక్క పట్టీ మీద గ్రానైట్ పైభాగానికి 150, 300, 450 అట్లా 1500 వరకు, ప్రతి గుర్తుకు 50 కింద కాంక్రీట్‌కు ఇంకో గుర్తు పెట్టాం. పట్టీ అడుగు భాగం సున్నా లెవెల్‌లో ఉండేట్టు పిల్లర్‌కు కట్టేశాం. ఆ గుర్తుల నుంచి ట్యూబ్ లెవల్‌తో ఒక్కో మెట్టుకు తెచ్చుకున్నాం. అంకెలు తలలో కాకుండా కర్ర మీద ఉంటే ఎవరి తల తిరిగినా ఇబ్బంది లేదు.

పై వరుస పోసేటప్పుడు ఇంకో గమ్మత్తు. చివరి మెట్టు కాంక్రీట్‌లో 170 కాదు, 145 రావాలి. ఎందుకంటే మెట్ల మీద ఫినిషింగ్ 50, పై అంతస్తు మీద 75. ఆ 25 తేడాను కాంక్రీట్‌లో ముందే తగ్గించుకోవాలి. అట్లా చూస్తే మొదట్లో మేస్త్రీ సరిగ్గా పోసి ఉంటే కింద మొదటి మెట్టు ప్లింత్ బీమ్ నుంచి 260 ఎత్తు వచ్చేది, నడుమవి 160, చివరిది 135. సెంట్రింగ్ కొట్టిన చెక్కలు చూసి దారిన పోయేవాడు కూడా ఇదేం మెట్లు అని నవ్వేవాడు. సరైన మెట్లు పోసినప్పుడు తప్పుగా కనిపిస్తాయి. ఫ్లోరింగ్ పడ్డాకే సరైనవి అవుతాయి. మా మేస్త్రీ పోసినవి ఆ రోజు ఎంత ముచ్చటగా ఉన్నాయో, ఒక్కటి కూడా అటూ ఇటూ లేదు.

వేయి స్తంభాల గుడికి పోయినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. 1163 నాటి గుడి. అక్కడ మెట్టు అంటే చెక్కిన రాయే. దాని మీద మసాలా లేదు, గ్రానైట్ లేదు, ఫినిషింగ్ అనే మాటే లేదు. శిల్పి కొలిచిన పైభాగం మీదే ఇవాళ మనం కాలు పెడుతున్నాం. ఆయనకు సున్నా ఒకటే. మనకు ఒకే ఇంట్లో రెండు.

ల్యాండింగ్ దిగిపోవడం వల్ల ఇంకో చిన్న సంగతి మిగిలింది. ల్యాండింగ్ దగ్గర వీధి వైపు కిటికీ ఉంది. కిటికీ అడుగు ల్యాండింగ్ నుంచి మూడడుగులు అని ఆర్కిటెక్ట్ రాశాడు. ఆ అంకెనే పట్టుకుంటే కిటికీ కూడా నాలుగు అంగుళాలు దిగి, వీధి నుంచి చూసేవాళ్లకు వంకరగా కనిపించేది. కిటికీని సున్నా నుంచి కొలిచి పాత చోటే ఉంచాం. ల్యాండింగ్ నుంచి చూస్తే మూడడుగుల నాలుగు అంగుళాలు అయింది, పిల్లలున్న ఇంటికి మంచిదే.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి

మీటరు గీత ఇప్పుడు పిల్లర్ బాక్సు విప్పిన రోజే కొడుతున్నాను. గోడల దాకా ఆగను. గోడ మేస్త్రీలకు నిజానికి ఆ గీత అంత అవసరం కూడా లేదు. దర్వాజా నిలబెట్టేది వాళ్లే కాబట్టి ఫ్లోరింగ్‌కు ఎంత వదలాలో వాళ్ల చేతికి అలవాటు. ఇదే ఇంట్లో లింటెల్ ఏడడుగులు అని డ్రాయింగ్‌లో ఉంటే, గోడ మేస్త్రీ ఎవరూ చెప్పకుండానే ప్లింత్ బీమ్ నుంచి ఏడున్నర పెట్టాడు. సెంట్రింగ్ మేస్త్రీ కాంక్రీట్ పోసి వెళ్లిపోతాడు, గ్రానైట్ పడే నాటికి ఇంకో ఊళ్లో ఉంటాడు. తన పని మీద ఇంకా ఎంత మందం రాబోతోందో చూసే అవకాశమే ఆయనకు రాదు. గీత అవసరం ఆయనకే.

మెట్ల షీట్ మీద కింది అడ్డగీత పక్కన ఎర్ర పెన్నుతో గ్రానైట్ పైన అని రాస్తున్నాను, ప్లింత్ బీమ్‌ను విడిగా గీసి 150 కింద అని రాస్తున్నాను. రెండు నిమిషాల పని. ఫోన్‌లో ఎవరైనా ఒక ఎత్తు అడిగితే అంకె ఒక్కటే చెప్పను, ఎక్కడి నుంచి అన్నది కూడా చెప్పి, వాళ్లతో తిరిగి చెప్పించుకుంటాను. కొంతమంది మేస్త్రీలకు ఇది చిన్నతనంగా అనిపిస్తుంది. “గింత చిన్నపిలగాల్లెక్క అడుగుతవేంది సార్” అన్నాడొకాయన. అననీ.

మెట్ల డిటెయిల్‌లో ఎత్తులు కాంక్రీట్ లెవెల్‌లోనే ఇవ్వమని ఆ స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను అడిగాను. తర్వాతి ఇంటి షీట్‌లో రెండూ ఇచ్చాడు, పక్కపక్కనే, ఏది ఏదో రాసి. అది చూసి ఆర్కిటెక్ట్ షీట్ నిండా అంకెలేనని విసుక్కున్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడమే నాకు కావాల్సింది.

గృహప్రవేశం నాడు సారు వాళ్లమ్మ కింది పది మెట్లూ చెయ్యి పట్టుకోకుండానే ఎక్కింది. ల్యాండింగ్ దగ్గర ఆగి, “గిటు పక్కవి జెర ఎత్తున్నట్టున్నయి బిడ్డా” అంది నన్ను చూసి. సారు అప్పటికే స్కేలు పెట్టి ఇరవై మెట్లూ కొలిచి పెట్టుకున్నారు. పై వరుసలో నాలుగో మెట్టు 172 వచ్చిందట. అది గ్రానైట్ వాళ్ల మసాలా అని చెప్పాను. నమ్మారో లేదో తెలియదు గానీ, ఫైనల్ బిల్లులో ఆ మెట్టుకు ఏమీ కోయలేదు.